అలికిన విమానం

పోయిన నెల రేణిగుంటలో నా పరువు పోయింది. ఉండేదే కొంచెం కాబట్టి నష్టం పెద్దదేమీ కాదనుకోండి. మా మేనల్లుడు తన ఆఫీసుకు వచ్చిన పెద్దమనిషినెవరినో విమానం ఎక్కించడానికి పోతూ, “నువ్వూ రా మామా, దగ్గర్నించి చూసినట్టుంటుంది” అని నన్నూ కార్లో వేసుకుని పోయాడు. కంచె పక్కన నిలబెట్టి “అదిగో మామా విమానం” అన్నాడు. నేను తల పైకెత్తి వెతికాను. తూర్పున వెతికాను, పడమట వెతికాను, తిరుమల కొండ అంచు పొడుగునా వెతికాను. మబ్బు ఉంది, గద్ద ఉంది, విమానం లేదు. “యాడరా?” అన్నాను. వాడు నా గడ్డం పట్టుకుని కిందికి దించాడు. కల్యాణమండపమంత విమానం నా ముక్కుకు ఎదురుగానే నేల మీద నిలబడి ఉంది. తోక కుంకుమంత ఎరుపు, నడుముకు పసుప్పచ్చ పట్టీ, మిగతా ఒళ్ళంతా మల్లెపూల తెలుపు. పక్కన ఐస్‌ఫ్రూట్ చీకుతున్న పిల్ల కూడా నన్ను చూసి నవ్వింది. ఇంటికి వచ్చి చెప్పుకుంటే మా ఆవిడ, “ఎదురుగా ఉండేదాన్ని నువ్వు ఏనాడు సూసినావు గనక” అని తన లెక్కలన్నీ అందులో కలిపేసుకుంది.

కంటి చూపుదేముంది, ఆపరేషన్ చేయించుకుంటే వస్తుంది. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ రంగులు. అంత ఎరుపు, అంత పసుపు ఎవరికి కనపడాలని పూశారు? ఆకాశంలో పోయేదానికి ఇంత సింగారం ఎందుకు? ముందునుంచీ నాకొక గుణం ఉంది. ఎవరైనా, ఏదైనా, నన్ను చూడు నన్ను చూడు అన్నట్టు ముందుకు వస్తే నేను ఒక అడుగు వెనక్కి వేసి, వెనకాల ఏముందోనని చూస్తాను. అది నా తప్పు కాదు. విమానాలు ఒంటికి రంగు పూసుకునేది కనపడకుండా పోవడానికే అయిన కాలంలో నేను మీసం దువ్వుకోవడం నేర్చుకున్నాను.

మా ఊరు కాణిపాకం నుంచి పాకాల స్టేషనుకు పోయే బండిదోవ పక్కన, గుట్టల సందులో ఉంటుంది. మా ఇంట్లో భూమి తక్కువ, అనుమానం ఎక్కువ. మా నాయన మునెప్ప, ఎవరైనా నవ్వుతూ ఎదురొస్తే ముందు నడుముకు దోపుకున్న సంచి తడుముకునేవాడు. ఎద్దును కొనేటప్పుడు అందరూ ఎద్దు పళ్ళు చూస్తారు, ఆయన అమ్మేవాడి పళ్ళు కూడా చూసేవాడు. మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, ఉప్పు బండి వస్తే ఒక ఉప్పుకల్లు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, ఇసక కలిసిందా లేదా అని తేల్చేదాకా బండివాణ్ణి కదలనిచ్చేది కాదు. అవ్వకు మా అమ్మ మీద అనుమానం, అమ్మకు అవ్వ మీద అనుమానం, ఇద్దరికీ కలిపి నా మీద అనుమానం. నేను ఐదో తరగతిలో బడి మానేశాను. మానేసిన సంగతి అయ్యవారు వచ్చి చెబితే నాయన నమ్మలేదు. “ఇన్నాళ్ళూ వీడు పోతాన్నింది బడికేనని ఏంది గ్యారంటీ?” అని ఆయన్నే ఎదురడిగాడు.

ఆ ఇంట్లో అనుమానం లేకుండా జరిగే పని ఒక్కటే, అవ్వ వాకిలి పని. పొద్దు పొడవకముందే లేచి పేడనీళ్ళు చల్లేది. తడిసిన మన్ను వాసన, పేడ వాసన, పొయ్యి కింద చెనిక్కాయ పొట్టు పొగ, వీటి మధ్యనే నాకు మెలకువ వచ్చేది. పండగకో పబ్బానికో తిన్నెలను, గోడలను ఎర్రమన్నుతో అలికేది. పేడా ఎర్రమన్నూ కలిపి, గుడ్డ ముంచి, అరచేతిని అర్ధచంద్రంలా తిప్పుతూ పోతుంటే గోడ మీద చేప పొలుసుల్లా చాళ్ళు తేలేవి. అలికిన తావు ఆరిందో లేదో ముగ్గు పడాలి. ముగ్గు పడని అలుకుడు మా పక్క ఒక్క తావునే ఉంటుంది, పీనుగ లేచిన ఇంట్లో. అందుకని ఏ పని ఆగినా, ఎవరికి ఒళ్ళు బాగలేకపోయినా, అవ్వ ముగ్గు ఆగేది కాదు.

అట్లాంటి ఇంటి మీదికి యుద్ధం వచ్చింది. మొదట కిరసనాయిలు రాకుండా పోయింది. తర్వాత మద్రాసు జనం ట్రంకు పెట్టెలతో, అటక మీది రాగి బిందెలతో సహా చిత్తూరికి, తిరుపతికి వచ్చి పడ్డారు. జపాను బాంబులు వేస్తాడంట, తెల్లటి ఇళ్ళు పైనుంచి బాగా కనపడతాయంట అని చెప్పారు వాళ్ళు. మా ఊళ్ళో సున్నం కొట్టిన ఇల్లు మునసబు చెంగల్రెడ్డిది ఒక్కటే. ఊరంతా ఆయన ఇంటి పక్క నడవడం మానేసింది. ఆయన గోడ మీద బురదనీళ్ళు చల్లించి, చల్లింది వాన అని చెప్పుకున్నాడు. జపాను విమానానికి రెక్క మీద ఎర్రటి గుండ్రన ఉంటుందని కూడా ఆ మద్రాసువాళ్ళే చెప్పారు. దాంతో ఆకాశంలో ఎర్రగా ఏది కదిలినా మాకు భయమే.

అప్పుడప్పుడూ మా గుట్టల మీదుగా విమానాలు పోయేవి. చప్పుడు వినపడేది, మనిషి తల తిప్పి తిప్పి చూసినా వస్తువు కనపడేది కాదు. ఒకసారి గుట్ట మీద కంప కొడుతున్నప్పుడు నాకు విషయం బోధపడింది. అది దూరంగా, నాకంటే కిందుగా లోయలో పోతుంటే వీపు కనపడింది. మన్ను రంగు, ఆకు రంగు మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. చేలల్లో కలిసిపోయింది. మలుపు తిరిగి పైకి లేచేసరికి కడుపు కనపడింది. ఆకాశం రంగు. మబ్బులో కలిసిపోయింది. చెరువులో చేప ఇంతే గదా అనుకున్నాను. పైనుంచి చూసే కొంగకు వీపు నల్లగా నీళ్ళలో కలిసిపోతుంది, కిందినుంచి చూసే పెద్ద చేపకు తెల్ల పొట్ట వెలుతురులో కలిసిపోతుంది. ఇది ఇంటికి వచ్చి చెబితే నాయన, “దొంగబుద్ధి లేకుంటే పైకి ఒక రంగు, కిందికి ఒక రంగు ఎందుకు?” అన్నాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఆ దొంగబుద్ధి వచ్చి మా బీట్లోనే పడింది. ఎండకు నేల కమ్మరి కొలిమిలా ఉంది. దగ్గుతున్న ముసలి ఎద్దు మాదిరి చప్పుడు చేసుకుంటూ గుట్ట దాటి వచ్చింది. కాళ్ళు ముడుచుకునే కడుపు మీద దిగి, ఎర్రదుమ్ము లేపుకుంటూ బీడంతా జారి, కంప కంచెకు తగులుకుని ఆగింది. మేమందరం పరుగెత్తాం, కొంతమంది దాని దగ్గరికి, ఎక్కువమంది ఇళ్ళలోకి. అద్దాల మూత తోసుకుని ఒక మనిషి బయటికి వచ్చాడు. దొర అంటే ఏ గడ్డాలవాడో అనుకున్నాం, చూస్తే నా ఈడువాడు. నుదురు చీరుకుని నెత్తురు కారుతోంది, ఒక చెయ్యి వేలాడుతోంది. అందరూ అల్లంత దూరాన నిలబడి ఇతను జపానోడా ఇంగ్లీషోడా అని గుసగుసలాడుతుంటే అవ్వ ఒక్కతే చల్లచెంబుతో దగ్గరికి పోయింది. అతను గటగటా తాగాడు. ఆమె తన పాత చీరకొంగు చించి ఆ చేతిని మెడకు కట్టింది. “మీసం గూడా సరిగ్గా రాలేదు బిడ్డకు, ఈన్ని పంపినోల్లకు కండ్లు లేవా?” అని అందరినీ తిట్టింది, మేమే పంపినట్టు.

మునసబు వచ్చాడు. అతను ఇంగ్లీషోడేనని, టోపీని బట్టి తేల్చాడు. తన బండి కట్టించి, పాకాలలో రైలెక్కించి రమ్మని జీతగాణ్ణి తోడిచ్చి పంపాడు. చిత్తూరు దగ్గరా, పాకాల దగ్గరా అని నేను అడిగాను. “నీకేం తెలుసురా గంగడా, గమ్మునుండు” అన్నాడు. పోలీసులుండేది చిత్తూర్లో గదా, వాళ్ళు ఊళ్ళోకి రావడం ఆయనకు ఇష్టం లేదేమోనని నా అనుమానం. ఆయన చనిపోయాక కూడా ఆ అనుమానం బతికే ఉంది. దొరపిల్లవాడు అప్పటికే సగం స్పృహలో ఉన్నాడు. ఊరి పేరు మేం చెప్పలేదు, అతను అడగలేదు. బండి కదిలాక మునసబు మా నాయన వైపు తిరిగాడు.

“ఏమప్పా మునెప్పా, ఈ బీడు నీదే గదా?”

ఆ బీడు మాది కాదు, సర్కారు పోరంబోకు అని ఏండ్ల తరబడి మాతో కొట్లాడుతున్నది ఆయనే. నాయన కండ్లు చిన్నవి చేసుకుని చూశాడు. “అవునని నువ్వే అంటాండావా రెడ్డీ?”

“నీదే అప్పా. ఊరంతా సాచ్చికం. నీ బీట్లో పడినాది గాబట్టి దీనికి నువ్వే పూచీ. దీనికేమన్నా అయినాదంటే మిలిట్రీవోల్లు నిన్ను పట్టకపోయి జైల్లో ఏస్తారు. తర్వాత నన్నొచ్చి అడగబాక.”

అట్లా మా నాయనకు భూమి దక్కింది, విమానంతో సహా.

ఆ సాయంత్రం నాయన దాని చుట్టూ తిరిగాడు, ఎద్దును బేరమాడేటప్పుడు తిరిగినట్టే. వాసన చూశాడు. తట్టి చూశాడు. రెక్క మీద గుండ్రంగా నీలం పట్టీ, మధ్యలో ఇంత ఎర్రటి బొట్టు. అక్కడ ఆగిపోయాడు. “ఎరుపుండాదే?” అన్నాడు.

“సుట్టూ నీలముండాది గదా నాయనా” అన్నాను.

“నీలం మన్ది, ఎరుపు వాల్లదా? ఇద్దురూ పొత్తు కలిసినారా ఏంది?” చాలాసేపు గడ్డం గోక్కుని చివరికి తేల్చాడు. “రేయ్, ఇది మనోల్లదైతే జపానోడు సూసి బాంబేస్తాడు. జపానోల్లదైతే మనోల్లు సూసి మనల్ని ఉరేస్తారు. ఎవురికీ కనపడకుండా ఉంటేనే మనకు మేలు. ఆ దొరపిల్లోడు మనుసుల్ని తోడుకోని వచ్చిందాకా దీన్ని దాసిపెట్టల్ల.”

మర్నాడు పొద్దున్నే నన్ను విమానం దగ్గర నిలబెట్టి ఆయన గుట్ట ఎక్కాడు, పైనుంచి ఎట్లా కనపడుతుందో చూడాలని. దిగి వచ్చేసరికి ముఖం వాడిపోయి ఉంది. ఆ రంగులు పూసినవాడు మా ఊరు చూసినవాడు కాదు. పచ్చిక ఉన్న దేశానికి ఆ పచ్చ సరిపోతుందేమో గాని, ఎండాకాలంలో మా బీట్లో పచ్చ అనేది మేకలకు కూడా కనపడదు. ఎర్రనేల మీద ఆ ఆకుపచ్చ, ఎవరో పెద్ద అరిటాకు పరిచి వడ్డనకు సిద్ధం చేసినట్టు కొట్టొచ్చినట్టు కనపడుతోందట. “పైనున్నోడు బాంబెయ్యకుంటే వానికే నామోషీ” అన్నాడు.

దానికి మా వాళ్ళకు తెలిసిన మందు ఒకటే. బీట్లో ఎర్రమన్ను తవ్వాం. అమ్మ పేడ తెచ్చింది, అవ్వ నీళ్ళు తెచ్చింది. కడుపు మీద పడి ఉండటం వల్ల రెక్కలు నేలకు మోకాలెత్తులో అచ్చం మా ఇంటి రెండు తిన్నెల మాదిరే ఉన్నాయి. అవ్వ చెంగు దోపుకుని కూర్చుని అలకడం మొదలుపెట్టింది. ముందు ఆ ఎర్రబొట్టు పోయింది, తర్వాత పచ్చ పోయింది. నాయన గుట్ట మీదినుంచి కేకలు వేస్తున్నాడు. “గాజు తళతళమంటాండాది, గోనెపట్ట కప్పండి!” కప్పాం. “నీడ కనపడ్తాండాది, రెక్క మాదిరే ఉండాది నీడ!” రంగు ఎంత కలిసినా నీడ పట్టిస్తుందని మాకు అప్పుడు తెలిసింది. రెక్కల అంచుల వెంట కంప వేసి నీడను చెదరగొట్టాం. పొద్దు వాలేసరికి నాయన పైనుంచి సంతోషంగా అరిచాడు. “గంగడా, నువ్వు కనపడ్తాండావు, అది కనపళ్ళా!”

“అయితే నాక్కూడా పూయండి” అన్నాను. అవ్వ నిజంగానే ఒక చేయి పూసింది.

గురువారం ఒక విమానం వచ్చింది. మా గుట్టల మీద తిరిగింది, పోయింది, మళ్ళీ వచ్చి ఇంకా కిందికి దిగి తిరిగింది. మేమంతా చెనిక్కాయల కొట్టంలో దూరి గోడ సందుల్లోంచి చూస్తున్నాం. కడుపు తప్ప ఏమీ కనపడలేదు, అది ఎవరిదో ఆ కడుపు చెప్పదు గదా. కాసేపటికి తూర్పు పక్కకు పోయింది. నాయన మీసం కింద నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని సార్లే. అమ్మ ఒక్కతే సంగటి కెలుకుతూ, “అది ఆ పిల్లోని కోసం వచ్చిండే మనోల్లదేమో” అని అంది. మాలో ఎవరికీ ఆ మాట నచ్చలేదు. నిజమైన మాటకు మా ఇంట్లో ఉండే గౌరవం అంతే.

అవ్వ మాత్రం ఆ రాత్రి సరిగా తినలేదు. ఊరిబిండి పచ్చడి కూడా వద్దంది. “అలికినాం, ముగ్గెయ్యలేదు. అట్ట మొండిగా పడుండాది. సూస్తే గుండె జల్లుమంటాండాది” అంది.

“ముగ్గేస్తే తెల్లంగా ఆకాశానికంతా కనపడ్తాది. నీకేమన్నా మతి ఉండాదా అమ్మా?” అని నాయన కసురుకున్నాడు. ఆమె మళ్ళీ నోరెత్తలేదు. ఆమె నోరెత్తకపోవడం ఎంత ప్రమాదమో ఆయనకు తెలిసి ఉండాల్సింది.

శుక్రవారం పొద్దున్న ఎద్దులను తోలుకుని బీడుకు పోయాను. ఆ రెక్క కొన నుంచి ఈ రెక్క కొన దాకా ముగ్గు. మామూలు ముగ్గు కాదు, శుక్రవారం ముగ్గు. మెలికలు, తామర రేకులు, మూలమూలకూ దీపాలు. ఎర్రటి అలుకుడు మీద తెల్లటి ముగ్గురాయి పిండి ఎండలో పాలు పోసినట్టు మెరుస్తోంది. తోక మీద కూడా చిన్న పద్మం పెట్టింది. నేను కేక వేస్తే నాయన వచ్చాడు, చూశాడు, నెత్తి పట్టుకున్నాడు. పేడనీళ్ళ కడవ ఎత్తుకుని తుడవబోయే లోపల గుట్ట వెనక చప్పుడు వినపడింది. ఆ విమానం ఈసారి వెతకలేదు. నేరుగా వచ్చి, మా నెత్తిన ఒక చుట్టు తిరిగి, ఒక రెక్క వంచి పోయింది. నాయన కడవ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

శనివారం రెండు లారీలు వచ్చాయి. ముందు లారీలోంచి ఒక దొర, కొంతమంది సిపాయిలు, చిత్తూరు నుంచి పోలీసు ఇన్‌స్పెక్టరు దిగారు. మా ఊళ్ళో జనం ఎంతమందో నాకు ఆ రోజే తెలిసింది, అంతమందీ మాకు దూరంగా నిలబడ్డారు. మునసబు వంగి నమస్కారం చేసి, ఎవరూ అడగకముందే, “నాకేం సంబంధం లేదు సార్, ఆ బీడు మునెప్పది” అన్నాడు. ఒక కానిస్టేబులు మా నాయన చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టాడు. దొర వేలిగోరుతో రెక్క మీది మన్ను గీరి, కిందున్న రంగు చూసి, ఇన్‌స్పెక్టరుతో ఏదో అన్నాడు.

“ఎవరికి కనపడకూడదని దాచినావు?” అని ఇన్‌స్పెక్టరు నాయనను అడిగాడు.

“అందురికీ సార్.”

“అందరికీ అంటే? సర్కారు విమానం వచ్చి తిరిగితే సర్కారుకు కూడానా?”

“అది సర్కారుదని మాకెట్ట తెలుస్తాది సార్? కడుపున యాడా రాసుండలేదే.”

అప్పుడు నేను నోరు తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. “ఎండకు కాలిపోతాదని సల్లంగా అలికినాం సార్” అన్నాను. చెంప మీద పడిన దెబ్బకు నా కంటికి చాలా రంగులు కనపడ్డాయి, అవి ఏ విమానానికీ లేవు. ఊరుకోకుండా మునసబు అందుకున్నాడు. “కాణిపాకానికి తోలకపోండి సార్, తడిగుడ్డలతో ప్రమాణం సేయిస్తే నిజం బయటకొస్తాది.” ఇన్‌స్పెక్టరు ఆయన మాట వినలేదు. “చిత్తూరు లాకప్పులో అంతకంటే ముందే వస్తుంది” అని నాయనను లారీ పక్కకు నెట్టాడు. అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. లారీ ఎక్కినవాడు మళ్ళీ ఎప్పుడు దిగుతాడో చెప్పే దిక్కు ఆ కాలంలో ఎవరికీ లేదు.

దొర అంతలో ముగ్గు వైపు వేలు చూపించి ఏదో గట్టిగా అడిగాడు. ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రబడింది. ఆయన తెలుగువాడే, ఆయన ఇంటి వాకిట్లోనూ పొద్దున్నే ఇది ఉండే ఉంటుంది. ఇంగ్లీషులో ముగ్గును ఏమంటారో ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. చేతులు గుండ్రంగా తిప్పుతూ చాలా చెప్పాడు. దొర తల అడ్డంగా ఊపాడు. చివరికి ఇన్‌స్పెక్టరు మా వైపు తిరిగి, “ఇది ఏదో గుర్తులంటున్నాడు దొర. చుక్కలు, గీతలు, ఎవరికో కబురంటున్నాడు. వేసింది ఎవరో వాళ్ళే మళ్ళీ తన కళ్ళ ముందు వెయ్యాలంట” అన్నాడు.

అవ్వ ముగ్గుగిన్నె పట్టుకుని వచ్చింది. రెక్క పక్కన నేల మీద కూర్చుంది. ఎవరి వైపూ చూడలేదు. చుక్కలు పెట్టి, వేళ్ళ సందునుంచి పిండి జారుస్తూ గీత కలుపుకుంటూ పోయింది. సిపాయిలు వంగి చూశారు. నాయన కట్టిన చేతులతోనే తొంగి చూశాడు. ముగ్గు పూర్తయింది. దొర రెక్క మీదిది చూశాడు, నేల మీదిది చూశాడు, ఒక్కసారిగా అరిచాడు. అదీ ఇదీ ఒకటి కాదు!

ఇన్‌స్పెక్టరు నెత్తి బాదుకుని, “ముసలిదానా, నీ కొడుకును పోగొట్టుకుంటావే! అదే వెయ్యమంటే ఇంకోటి వేస్తావా?” అన్నాడు.

అవ్వ తల ఎత్తింది. “ఈపొద్దు శనివారం గదప్పా. శుక్రవారం ముగ్గు శనివారం ఏస్తారా? మీ ఇంట్లో ఏస్తారా?”

ఇన్‌స్పెక్టరు ఇంట్లోనూ వెయ్యరని ఆయన ముఖమే చెప్పింది. అయినా పోలీసాయన గదా, వదల్లేదు. “అది సరే. కనపడకూడదని అలికినదాని మీద కనపడేటట్టు ముగ్గెందుకు వేసినావు?”

“అలికిన తావు ముగ్గు లేకుండా ఎప్పుడుంటాదప్పా? మనిసి పోయినప్పుడు గదా. ఆ పిల్లోడు నెత్తురు కార్చుకుంటా పోయినాడు. ఆయప్ప కూసున్న తావును పీనుగ లేసిన ఇల్లు మాదిరి పెట్టల్లంటావా? ఆయప్పకేమన్నా అయితే ఆ పాపం ఎవురికి?” గిన్నె పక్కన పెట్టి లేచి, నేరుగా దొర ముందుకు పోయింది. “నా కొడుకును తర్వాత కొండబోదువులే. ముందు ఇది సెప్పు. ఆ పిల్లోడు యాడ? ఉండాడా, పోయినాడా?”

అవ్వ అంతసేపు చెబితే ఇన్‌స్పెక్టరు దాన్ని చిన్నగా రెండు ముక్కల్లో దొరకు చెప్పాడు. దొర అవ్వను పైనుంచి కిందికి చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని రెండు ముక్కలు చెప్పాడు. దాన్ని ఇన్‌స్పెక్టరు మాకు పెద్దదిగా చేసి చెప్పాడు. “ఉన్నాడంట. మద్రాసు ఆస్పత్రిలో ఉన్నాడంట. జ్వరంతో ఊరు గుర్తు చెప్పలేక ఎర్రనేల, ఎర్రనేల అన్నాడంట. చెయ్యి అతికిస్తున్నారంట. నీ చీరముక్క కూడా ఆయన దగ్గరే ఉందంట.” ఆ చివరి మాట దొర చెప్పిందా, ఇన్‌స్పెక్టరు తన సొంతానికి కలిపాడా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే. దొర నోరు అంతసేపు కదల్లేదు. అవ్వ ఏ సందేహమూ లేకుండా కండ్లు తుడుచుకుంది. దొర కానిస్టేబులుకు చెయ్యి ఊపాడు, తాడు విప్పారు. నాయన మణికట్లు రుద్దుకుంటూ, నమ్మకం లేక, లారీలు ఊరు దాటేదాకా నడుము వంచిన మనిషి వంచినట్టే ఉన్నాడు.

వాళ్ళు విమానాన్ని విప్పి, రెక్కలు వేరుగా, ఒళ్ళు వేరుగా రెండు లారీలకెత్తారు. ఎవరికీ కడిగే ఓపిక లేకపోయింది. శుక్రవారం ముగ్గుతోనే ఆ రెక్కలు పాకాల దోవ పట్టాయి. అవి అట్లా పోతుంటే ఏ ఊరివాళ్ళు ఏమనుకున్నారో. లారీ దుమ్ము అణిగిన సాయంత్రమే మునసబు వచ్చి, “మునెప్పా, ఆ బీడు సంగతి, అది పోరంబోకేనప్పా, మల్లా తగాదా పెట్టుకోబాక” అని చెప్పి పోయాడు.

ఇదంతా రేణిగుంట కంచె పక్కన నిలబడి తలచుకున్నాను. ఆ కాలంలో ఇంటి దీపం మొదలు విమానం దాకా పైవాడికి కనపడకుండా ఉండటమే క్షేమం అనుకున్నాం. ఇప్పుడు ఏదీ కనపడకుండా ఉండదు. గోడల నిండా ముఖాలు, ముఖాల నిండా రంగులు, విమానానికి కుంకుమ తోక. దాక్కున్నదాన్ని చూసి భయపడే మనిషిని నేను, ఇప్పుడు ఎగబడి కనపడేదాన్ని చూసి భయపడుతున్నాను. అప్పటి భయం మంచిదా ఇప్పటిది మంచిదా అంటే చెప్పలేను. అప్పుడు మాత్రం, పైనున్నవాడు ఎవడో తెలియకపోయినా, కింద పడినవాడికి ఎవరో ఒకరు చల్లచెంబు పట్టుకుని ఎదురొచ్చేవాళ్ళు. రేణిగుంటలో మాత్రం, ఆ విమానాశ్రయం అద్దాల కట్టడంలో నీళ్ళ సీసా కొనబోతే, ముందు నా చేతిసంచి తెరిచి చూశారు.

ఆ రెక్కలు లారీ ఎక్కి పోయిన కొన్నాళ్ళకు, గండం గడిచింది గదా అన్న ధైర్యంతో, అవ్వను ఆటపట్టించబోయాను. ఆమె వాకిట్లో కూర్చుని రాగులు చెరుగుతోంది.

“అవ్వా, అది మనోల్లది అయినాది గాబట్టి సరిపోయినాది. జపానోనిదై ఉంటే? పగోనికి ముగ్గేసి పూజ సేసినావని నిన్ను ఉరేసిందురు గదా?”

చేట ఆపకుండా, తల ఎత్తకుండా ఆమె అంది.

“ఏమిరా, జపానోడు రాతిలోంచి పుట్టినాడా? వానికీ యాడో ఒక ముసిల్ది ఉంటాది, వాకిలి తట్టు సూసుకుంటా. పో, పోయి ఎద్దులకు కుడితి పెట్టు.”